డ్రిల్లు మాస్టారు పోగుచేసిన పిల్లలు

ఎనభైల మొదట్లో, ప్రభుత్వ నిధులతో జరిగిన ఒక పరిశోధనకు ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతాల్లో నేను బాధ్యురాలిని. ప్రవర్తనలో తేడా ఉన్న పిల్లలను వెతికి, పరీక్షలు చేసి, ఫారాలు నింపి ఢిల్లీకి పంపాలి. సైకాలజీలో డాక్టరేటు ఉంది కదా, ఇదెంత పని అనుకున్నాను.

ముందుగా ఆత్మకూరులో ఒక బడికి ఉత్తరం రాశాను: "మీ చుట్టుపక్కల ఆటిజం ఉన్న పిల్లలుంటే సోమవారం పిలిపించగలరు."

సోమవారం జీపు దిగేసరికి పద్నాలుగు మంది మగపిల్లలు నిక్కర్లు బిగించి వరసగా నిలబడి ఉన్నారు. ముందు బల్ల మీద ఇత్తడి కప్పు. పక్కన, మెడలో విజిల్‌తో డ్రిల్లు మాస్టారు.

"అందరూ ఆటల్లో గట్టోళ్ళే మేడమ్. ఈ కప్పు పోయినేడు కబడ్డీలో కొట్టినాం. ఖోఖో వాళ్ళని కూడా పిలిపించమంటారా?"

ఉత్తరంలోని 'ఆటిజం'లో ఆయన 'ఆట' వరకే చదువుకున్నారని అర్థమవడానికి నాకు కాసేపు పట్టింది. పిల్లలు చిన్నబుచ్చుకుంటారని ఒక కబడ్డీ ఆట పూర్తిగా చూసి చప్పట్లు కొట్టాను. తరవాత ఆయనకు విడమరిచి చెప్పాను: పేరు పెట్టి పిలిచినా పలకని బిడ్డ, మనిషి ముఖంలోకి చూడని బిడ్డ, వస్తువులు వరసగా పేర్చుకుంటూ కూర్చునే బిడ్డ.

"అట్ట చెప్పండి మరి! ఉదయగిరిలో చెక్క స్పూన్లు చేసే సాయిబు ఒకాయన ఉండాడు. ఆయన కూతురు అచ్చం అట్టనే ఉంటాది."

ఆ మధ్యాహ్నమే మాస్టారిని జీపెక్కించుకుని వెళ్ళాను. పంచలో తండ్రి చెక్క చెక్కుతున్నాడు. ఆరేళ్ళ పిల్ల పక్కన కూర్చుని, తయారైన స్పూన్లను పొడుగును బట్టి పేరుస్తోంది. మేము వచ్చినట్టే గమనించలేదు. ఫారం తీసి తల్లిని అడగసాగాను.

"పిలిస్తే పలుకుతుందా?"

"పలకదు మేడమ్."

"ముఖంలోకి చూస్తుందా?"

"చూడదు."

"ఒక పని ఎన్నిసార్లు చెబితే చేస్తుంది?"

ఆమె భర్త వైపు ఒకసారి చూసి, "ఇంతకీ మీరు అడిగేది ఎవురి సంగతి మేడమ్?" అంది.

పరీక్ష కోసం చెక్కబిళ్ళల పలక పిల్ల ముందు పెట్టాను. నేను వివరించేలోపే బిళ్ళలన్నీ వాటి వాటి గుంటల్లో అమర్చేసి, నా చేతిలోని స్టాప్‌వాచీ లాక్కుని చెవికి ఆనించుకుంది. తీసుకోబోతే కొండ దద్దరిల్లేలా అరిచింది. మాస్టారు బదులుగా విజిల్ ఇవ్వబోయారు. దానివైపు చూడనైనా చూడలేదు. వాచీ అక్కడే వదిలేసి వచ్చాను.

నెల తిరక్కముందే ఆఫీసు నుంచి మెమో: స్టాప్‌వాచీ ఎక్కడ? "పరిశోధనలో వాడుకలో ఉంది" అని జవాబు రాశాను. అబద్ధమేమీ కాదు.

మళ్ళీ వెళ్ళేసరికి వాచీ ఆగిపోయి ఉంది. దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదట. పిల్ల నేరుగా నా దగ్గరికి వచ్చి, నా చెయ్యి పట్టుకుని కీ మీద పెట్టింది. తిప్పాను. టిక్కుటిక్కుమనగానే ఒక్క క్షణం నా ముఖంలోకి చూసింది.

టీ గ్లాసు పట్టుకుని తల్లి అలాగే నిలబడిపోయింది. "కన్నదాన్ని, నన్నే చూడదు మేడమ్," అంది.

నాకు సిగ్గేసింది. వాచీకి కీ ఇవ్వడం ఆమెకు నేర్పి, ఆ పని ఆమెకే అప్పజెప్పాను.

రెండు నెలల తరవాత జీపు ఆగీ ఆగకముందే ఆమె ఎదురొచ్చింది.

"ఇప్పుడు నన్నూ చూస్తా ఉండాది మేడమ్, దినానికొకసారి! కీ అయిపోయినప్పుడే అనుకోండి."