గులాం నబీ కడక్ రంగు

కరీంనగర్ బస్టాండు పక్క హోటల్లో పన్నెండేళ్లు చాయ్ కాచి, తర్వాత ఆ ఊళ్లోనే ఒక ల్యాబులో అటెండరుగా చేరి, చూసి చూసి పని నేర్చుకున్న మనిషి గులాం నబీ. గడ్డల్లోంచి తీసిన ముక్కను మైనంలో గట్టిపరిచి, ఉల్లిపొర కన్నా పల్చగా కోసి, స్లైడు మీద రంగు పట్టించడం ఆయన పని. ఎన్ని నిమిషాలు ఉంచాలో డాక్టర్ నవత కాగితం మీద రాసి గోడకు అంటించింది, టైమరు కూడా కొనిచ్చింది. దాన్ని నబీ భద్రంగా అల్మారాలో దాచాడు. చాయ్ రంగు చూసి దించిన కంటికి టైమరెందుకట! అబ్బ, ఆ గర్వం చూసి తీరాలి.

ఒకరోజు ఇచ్చోడ నుంచి కిష్టవ్వ వచ్చింది. ఆమె పెనిమిటి కొండల్‌కు కాలేయంలో గడ్డ. ఆ గడ్డ కణాల మీద ఫలానా రిసెప్టర్, అంటే మందు తగులుకునే కొక్కెం లాంటిది, ఉంటే నెలకో ఇంజెక్షన్‌తో అదుపులో పెట్టొచ్చు. లేకుంటే వేరే దారి వెతకాలి. ఉంటే స్లైడు గోధుమరంగుకు వస్తుంది, లేకుంటే నీలంగానే ఉంటుంది. ఈ సంగతంతా నబీయే ఆమెకు చెప్పాడు. నోరు ఊరుకుంటేగా!

"అన్నా, నీ కాల్మొక్త, జర రంగు మంచిగ రానియ్యి."

"ఫికర్ జెయ్యకు చెల్లె. కడక్ రంగు తెస్త."

తెచ్చాడు కూడా. ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంటూ స్లైడును, పోల్చి చూడటానికి రిసెప్టర్‌ను పట్టే మందు వెయ్యకుండా చేసే రెండో స్లైడును కూడా రంగులో అలాగే ఉంచేశాడు. కిటికీలోంచి ఆ ముదురు రంగు చూసి కిష్టవ్వ రెండు చేతులెత్తి మొక్కింది.

నవత మైక్రోస్కోపులో చూసి తలెత్తింది.

"నబీ భాయ్, రిసెప్టర్‌ను పట్టే మందు రెండో స్లైడుకు వెయ్యనే లేదు కదా? అది నీలంగ ఉండాలె. గదెట్ల గోధుమైంది?"

"జర ఎక్కువసేపు ఉంచిన మేడం."

"జరనా? కాలేయం ముక్క అసలే ఉత్తగనే రంగు గుంజుతది! లేనిది ఉన్నదని రాస్తే, పనిచెయ్యని ఇంజెక్షన్లు తీసుకుంట ఆయన నెలలు పోగొట్టుకుంటడు. గిది చాయ్ కాదు భాయ్!"

నబీ సిగ్గుపడుతూ మైనం దిమ్మె తీసి చూశాడు. మైనంలో ఇంకో రెండు పొరలకు సరిపడా ముక్కే మిగిలింది. అల్మారాలోంచి టైమరు తీస్తే బ్యాటరీ చచ్చి ఉంది. గోడ గడియారంలోది పీకి దానికి వేశాడు.

మళ్లీ మొదటి నుంచీ చేశాడు. టైమరు మోగే సరికి రంగు నీళ్ల చాయ్ కన్నా పల్చగా ఉంది.

"ఇంకొంచెం ఉంచన్నా!" కిటికీ అవతల కిష్టవ్వ గుండెలు బాదుకుంది.

ఉంచుదామనే పాడు చెయ్యి లాగింది. నబీ కళ్లు గట్టిగా మూసుకుని రెండు స్లైడులనూ నీళ్లలో ముంచేశాడు.

నవత చాలాసేపు చూసింది. మందు వెయ్యని స్లైడు శుభ్రంగా నీలంగా ఉంది. వేసినదాంట్లో ఒక్కో కణం చుట్టూ సన్నని గోధుమ గీత.

"ఉన్నది నబీ భాయ్. రిసెప్టర్ ఉన్నది."

నబీ అక్కడే స్టూలు మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. సంగతి విన్న కిష్టవ్వ తెల్లబోయింది.

"మొదలు గూడ రంగొచ్చింది కదన్నా. మల్ల నన్నెందుకు గింత పరేషాన్ చేసినవ్?"

"అది నేను పోసిన రంగు చెల్లె," అన్నాడు నబీ ముక్కు తుడుచుకుంటూ. "గిది కొండల్‌ది."