స్ఫటికం స్థానంలో గాజుపలక

సార్ పోయారని ఆయన ఊరు ఓర్వకల్లు నుంచి ఫోను వస్తే నేను నమ్మలేదు. ఇంకో ఇద్దరికి ఫోను చేసి కనుక్కున్నాకే కుర్చీలో కూలబడ్డాను. ఈ పాడు అలవాటు ఆయన అంటించిందే. బస్సు మీద కర్నూలు అని అంత పెద్ద బోర్డు ఉన్నా, కండక్టరును ఒకసారి, డ్రైవరును ఒకసారి అడిగి గానీ ఎక్కని మనిషి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో కర్నూలు కాలేజీలో ఆయన దగ్గర పీహెచ్‌డీకి చేరాను. మా పని ఒక వింత అయస్కాంతం మీద. మామూలు అయస్కాంతంలో పరమాణువుల స్పిన్లన్నీ, అంటే లోపలి బుల్లి అయస్కాంతాలన్నీ, ఒకే దిక్కుకు చూస్తాయి. దీంట్లో పక్కపక్కవి ఎదురెదురు దిక్కులకు తిరిగి ఉంటాయి. అందుకే గుండుసూది కూడా అంటుకోదు. లోపలి సంగతి తెలియాలంటే ఒక కాంతి పల్సుతో, అంటే లేజరు మెరుపుతో, తట్టాలి. సెకనులో లక్షకోటో వంతు గడిచేలోపు ఇంకో పల్సు పంపి, స్పిన్లు ఎలా వణుకుతున్నాయో చూడాలి. స్ఫటికాలు కర్నూలులోనే తయారుచేసి, టిఫిను డబ్బాలో దూది పరిచి, లేజరు ఉన్న బెంగళూరు ల్యాబుకు మోసుకుపోయేవాళ్లం.

"బయటికి ఏమీ కనపడనీని దాన్నే శానా అనుమానించాల" అనేవారు సార్.

మొదటిసారి తెర మీద గీత అలలా ఊగగానే, కమలాపురంలో మా నాన్నకు ఫోను చేసి థీసిస్ అయిపోయినట్టేనని చెప్పేశాను. సార్ మెల్లగా వచ్చి స్ఫటికం పెట్టే గూటి మూత తీసి చూపించారు. లోపల ఉన్నది ఉత్త గాజుపలక. నేను టీకి పోయినప్పుడు మార్చిపెట్టారు.

"నన్నే అనుమానిస్తారా సార్?" అన్నాను. ఏడుపొచ్చింది.

"నిన్ను కాదప్పా. మనం కోరుకునేదే మన కండ్లకు కనపడతాంటాది. దాన్ని."

తప్పు మోటారుది. రెండో పల్సును ఆలస్యం చేసే అద్దం దానివల్ల అదురుతోంది. ఆ అదురే తెర మీద అలలా కనిపించింది. సరిచేసేసరికి రెండు నెలలు పట్టింది. ఆ తర్వాత స్ఫటికంలో అసలైన వణుకు కనిపించింది. బాగా వేడిచేస్తే స్పిన్ల వరస చెదిరి, వణుకూ మాయమైంది. ఇంకేం కావాలి? అయినా ఆయన థీసిస్ మీద సంతకం పెట్టలేదు. "నేనూ ఒకతూరి కొలుస్తా, ఉండు" అన్నారు. థీసిస్ ఇచ్చే గడువు ఇంకో వారమే. నా ఫలితాన్ని ఇంకెవరికో కట్టబెడతారని నాకు గట్టి అనుమానం పుట్టింది.

సార్ కొలిచే రోజు నేనూ గాజుపలకే పెట్టాను. ఆయనకూ అందులో వణుకు కనపడితే ల్యాబులో అందరి ముందూ నిలదీసి పరువు తీద్దామని.

గంటసేపు కొలిచారు. "ఈడ ఏమీ లేదప్పా" అని, నా వైపు తిరిగారు. "గాజు పెట్టినావా?"

తల ఊపాను.

"మంచి పని చేసినావు. నన్ను గూడా నమ్మకూడదు నువ్వు. ఇన్నాళ్లూ దీనికే కాసుకోనుండా. స్ఫటికం పెట్టు, చూసి సంతకం చేస్తా."

నేను చేసింది కక్షతో. ఆయన దాన్ని జాగ్రత్త అనుకున్నారు. నిజం చెప్పేద్దామని తర్వాత ఎన్నిసార్లో ఓర్వకల్లు పోయి, పంటల మాటా ఎండల మాటా మాట్లాడి తిరిగొచ్చాను. సిగ్గుగా ఉంది. లోకంలో అన్నిటినీ అనుమానించిన మనిషి నన్ను మాత్రం ఆ ఒక్క విషయంలో అనుమానించలేదు. సంతకం అయ్యాక కళ్లజోడు చొక్కా అంచుకు తుడుచుకుంటూ, తెలుగు వచ్చినవాళ్లకూ రానివాళ్లకూ, ల్యాబులో ఒక్కొక్కరి దగ్గరికీ పోయి చెప్పుకున్నారు: "మావోడు నన్నే పరీక్ష చేసినాడప్పా."