బూజు పట్టదని చెప్పని మేడం

ఆ ఫోను అవతల పెట్టి ఇట్ల కూసో. నేను చెప్పేది సక్కగ విని రాయి, నడుమల నవ్వకు. పొద్దున సందూక మూత తీస్తే గుప్పుమని తడి బూజు వాసనొచ్చింది. దాంతోని సుగుణ మేడం యాదికొచ్చింది. నువ్వు ఆమెను ఎరుగవు, అప్పుడు ఉయ్యాలల ఉన్నవు. మన ముందటర్రల కిరాయికుండి కాలేజీల పాఠాలు చెప్పేది. సదువు శానా, మొండితనం అంతకన్న శానా.

ఆ ఏడు ముసురు పట్టి, మీ తాత నేసిన నూలు చీరెలకు నల్ల మచ్చలొచ్చినయి. దుకాణపాయన మూటకు మూట వాపస్ పంపిండు. ఇంకో వానకాలం గిట్లనే అయితే మగ్గం బందు పెట్టుడే అని మీ తాతకు ఒకటే రంది. గప్పుడు మేడం ఒక సీసా తెచ్చింది, అండ్ల పాల లెక్క తెల్లటి నీళ్లు. "ఇండ్ల జింకు పొడి ఉన్నది పెద్దమ్మా. గనులల్ల దొరికేదే గని, దుమ్ము కన్న సన్నం చేసినం, కంటికి ఆనది. నూలు పోగును పట్టుకుంటే బూజును పెరగనియ్యది" అన్నది. అయితే చీరెలు ముంచు తల్లీ అంటే ముంచదు! కొత్త చీరె కొంగు కత్తిరించి, ఒక ముక్క మందుల ముంచి, ఇంకోటి ఉత్తగనే ఉంచి, రెండిటినీ కుండల తడిమట్టిల పాతిపెట్టింది. నా కడుపు మండింది.

"ఓ తల్లీ, బట్ట కట్టుకుంటరా, బొంద పెడ్తరా?"

"మట్టిల ఉన్నంత బూజు ఇంకేడుంటది పెద్దమ్మా? ఆడ బతికితే సందూకల బతుకుతది."

కొన్నాళ్లకు తీసి సూస్తే ఉత్త ముక్క తడిసిన అప్పడం లెక్క చేతులనే ఊడింది. మందు ముక్క గుంజినా చినగలే. మీ తాత దుకాణానికి ఉరికి, "మా చీరెకు ఇగ బూజు పట్టది" అని చెప్పిండు. ఆయన పెద్ద బేరం ఒప్పుకున్నడు. మేడమేమో "ఆగుండ్రి, ఉతికి సూడాలె" అనుకుంట, మందు ముక్కను ఉతుకుడు, ఆరేసుడు, మళ్ల ఉతుకుడు. ఉతికిందాన్ని మళ్ల పాతితే అది కూడ మురిగింది. మందంత నీళ్లల్ల పోయింది.

"నిలిచే మందు దొరికినంక చెప్పు, అప్పటిదాక నోరు మూసుకో" అన్న. మూసుకున్నదా? సీద దుకాణానికి పోయి, "ఉతికితే మందు పోతది, బూజు పట్టదని చెప్పి అమ్మకుండ్రి" అన్నది. బేరం పాయె. మీ తాత ఆమెతోని మాటలే బందు పెట్టిండు. నేను చాయ్ గ్లాసు ఠక్కున పెట్టి, "నీకొక్క అబద్ధానికి నోరు రాదా?" అని అడిగిన. ఆమె కొత్త కుండల మట్టి నింపుకుంటనే, "మచ్చ పడితే కట్టుకున్నామె నా సీసాను తిట్టది పెద్దమ్మా, మీ మగ్గాన్ని తిడ్తది" అన్నది. మగ్గం బందు గాలే గని, ఆ ఏడు ఎట్ల ఎల్లదీసినమో నాకెరుక.

ఇగ ఆమె బదిలీ మీద పోయింది. నాకు ఈ తిప్పలు పెట్టిపోయింది. ఇయ్యాల చీరె కొననీకి వచ్చినామె దాన్ని చేతుల పట్టుకొని, "బూజు పడ్తదా అవ్వా?" అని అడిగింది. పడదంటే అయిపోతుండె. "పడ్తది బిడ్డా, గంజి పెట్టి దాచకు, బూజుకు గంజే బువ్వ. ఎండకేసి దాసుకో" అన్న. ఆమె చీరె కింద పెట్టి పోయింది. మీ అమ్మ నా దిక్కు గుర్రుగ సూసింది. నేనేం చెయ్యాలె? అబద్ధం నాలిక కొసదాక వస్తది, ఇగ బయటికి రమ్మంటే ఆ మేడం...

"అత్తమ్మా! బేరాలు చెడగొట్టుడు అయిపోతే బువ్వకు రా!"