ముందు టైరులో గాలి

టైరులో గాలి పోయిందని ప్రతిసారీ నాకు మొదట చెప్పింది ఆయనే. నా అనుమానం అక్కడే మొదలైంది.

ఆయన మా పక్క బ్లాకులో ఉంటారు. తాతల నాడే సింగపూర్ వచ్చిన తెలుగు కుటుంబం. ఇక్కడే పుట్టి, ఇక్కడే బస్సు నడిపి, రిటైరయ్యారు. ఆయన తెలుగులో కొంత తమిళం, కొంత మలయ్ కలిసిపోయి ఉంటాయి. మావారు ఆయన్ని అంకుల్ అనేవారు కాబట్టి నేనూ అలాగే పిలుస్తాను. మావారు జురాంగ్ ఐలాండ్‌లో ఒక ప్లాంటులో పనిచేసేవారు. మేముండే టాంపినీస్ తూర్పు కొస, ఆయన ఉద్యోగం పడమటి కొస. అందుకే మోటార్ సైకిల్ కొనుక్కున్నారు. సాయంత్రం తిరిగొచ్చాక బ్లాకు కింద బెంచీ మీద ఇద్దరూ కూర్చుని బండ్ల గురించి మాట్లాడుకునేవారు. పైనుంచి చూస్తే రెండు బట్టతలలు కనిపించేవి.

మావారు పోయింది బండి మీద కాదు. ఆఫీసులో కుర్చీలోంచి లేవబోతూ పడిపోయారు. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది. బండి అనగానే అందరూ ఆ వైపే ఊహిస్తారు.

దినాలు ముగిసిన తర్వాత అంకుల్ మా ఇంటికి వచ్చారు. అత్తయ్య లోపల గదిలో ఉంది. ఆయన కుర్చీ అంచున కూర్చుని, చాలాసేపు టోపీని చేతిలో తిప్పుతూ ఉండి, చివరికి అన్నారు.

"అమ్మా, తప్పుగా అనుకోవద్దు మా. ఆయన నాతో చెప్పినారు. ఎప్పుడన్నా ఈ బండి వద్దనుకుంటే మొదట అంకుల్‌కే అని."

"నాతో అనలేదే," అన్నాను.

"మీతో అనలేదా?" అని ఆయన నేల చూశారు. "సరి మా. ఇప్పుడు అవసరం లేదు. ఊరికే చెప్పినాను."

ఊరికే ఎవరైనా అలా చెబుతారా? చనిపోయిన మనిషి అన్నాడని చెప్పే మాటకు ఆ మనిషి వచ్చి అవుననీ కాదనీ అనడు. ఆ నెలల్లో చాలామంది మావారి మాటలు నాకు తెచ్చి ఇచ్చారు. నీ గురించి ఎప్పుడూ చెప్పేవాడు అని కొందరు, మనవూళ్ళో ఇల్లు కడతానన్నాడు అని కొందరు. కొన్ని ఆయన మాటల్లా ఉండేవి. కొన్ని అస్సలు ఉండేవి కావు. ఇంట్లో అంత తక్కువ మాట్లాడే మనిషి బయట అంత మాట్లాడాడంటే నాకు నమ్మకం కుదరలేదు.

బండి నాకు పెద్ద విషయం కాదు, నాకు నడపడం రాదు. కానీ అంకుల్ చెప్పింది నిజమైతే అది మావారు అన్న మాట, నేను నిలబెట్టాల్సిన మాట. అబద్ధమైతే, మావారితో రోజూ పక్కన కూర్చున్న మనిషే ఆయన పోగానే ఆయన పేరు వాడుకున్నట్టు. అప్పుడు ఆ బెంచీ వైపు మళ్ళీ చూడలేను. మావారి గురించి నాతో ఇంకా మామూలుగా మాట్లాడే మనిషి ఆయన ఒక్కరే. మిగతావాళ్ళంతా గొంతు తగ్గించేవారు.

సంవత్సరీకం అయ్యేదాకా బండి ఎవరికీ ఇవ్వకూడదని బంధువులు ఫోన్లో చెప్పారు. వేరే నిర్ణయం చేసే ఓపిక లేక సరేనన్నాను. బండి ఒకేచోట నిలబడితే టైర్లు పాడవుతాయని మావారు అనేవారు. అందుకని ఆదివారం ఉదయం కిందికి వెళ్ళి, ఇంజను కాసేపు నడిపి ఆపి, బండిని పార్కింగ్ చివరిదాకా తోసి వెనక్కి తెచ్చేదాన్ని.

మొదటిసారి అంకుల్ తలుపు తట్టి, "అమ్మా, మకాన్ అయిందా? ముందు చక్రం ఫ్లాట్ లా," అన్నారు. మకాన్ అంటే మలయ్‌లో తిండి, అది ఆయన పలకరింపు. ఎవరినో మెకానిక్‌ను పిలిపించాను. అతను వచ్చి, అక్కడికక్కడే ట్యూబు తీసి, ప్యాచ్ వేసి, హడావిడిగా వెళ్ళిపోయాడు. రెండు వారాలు గడవకముందే మళ్ళీ ఆయనే. "మళ్ళా పోయింది మా. వాడని బండికి ఇట్లానే. ఒకటి పోతే ఒకటి."

వాడని బండికి ఇట్లానే. ఆ మాట నాకు నచ్చలేదు. విసుగొచ్చి నేనే వదిలించుకోవాలని ఎదురుచూసే మనిషి అనే మాటలా అనిపించింది.

మెకానిక్ మళ్ళీ వచ్చి ఇంకో ప్యాచ్ వేసి వెళ్ళాక నేను గమనించడం మొదలుపెట్టాను. ఆయన బెంచీ మీంచి బండి నేరుగా కనిపిస్తుంది. ఆయన రోజూ కాఫీ షాపు నుంచి ప్లాస్టిక్ సంచీలో నిమ్మరసం తెచ్చుకుని, స్ట్రాతో తాగుతూ అక్కడ కూర్చుంటారు. ఒక ఆదివారం బండి ముందు చక్రం దగ్గర చితికిపోయిన నిమ్మతొక్క కనిపించింది. కాలితో పక్కకి తోశాను. మరో ఆదివారం అదే చోట పసుపుపచ్చ మరక. ఆయన నిమ్మరసంలో వేసేవి చిన్న కాయలనీ, ఇది పెద్ద కాయ తొక్కనీ నా కళ్ళకు తెలుసు. కానీ నాకు కావలసింది సాక్ష్యం. బండి దగ్గర ఆయన కూర్చుని లేచినట్టు నాలో నేను ఖాయం చేసుకున్నాను.

అత్తయ్యతో అన్నాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

"నేను మొదట్నించీ చెబుతూనే ఉన్నానమ్మాయ్. ఆ ముసలాయన బండిని చూసే చూపు మంచిది కాదు. మావాడున్నప్పుడూ అంతే. కళ్ళప్పగించి చూసేవాడు."

"చూస్తే గాలి పోతుందా అత్తయ్యా?"

"నీకు చదువెక్కువ. నీతో ఏం చెప్పను."

మావారు ఉన్నప్పుడు ఆమె ప్రతి శనివారం ఒక నిమ్మకాయ, కొన్ని పచ్చిమిరపకాయలు గుచ్చి హెడ్‌లైటు కింద కట్టేది. ఆయన నవ్వి ఊరుకునేవారు. ఆయన పోయాక ఎండిపోయిన ఆ దండను నేనే తీసేశాను. ఇక వద్దని చెప్పాను. ఆమె సరే అనలేదు, కాదనీ అనలేదు.

మూడోసారి గాలి పోయినప్పుడు మెకానిక్‌ను పిలవలేదు. ట్యూబు నా చేత్తో చూడాలనుకున్నాను. మేకు గుచ్చుకుందో, ఎవరైనా సూదితో పొడిచారో నాకు తెలియాలి. మావారు ఇంట్లోనే పంక్చర్ వేసుకునేవారు. వంటింటి గుమ్మంలో నిలబడి అనేకసార్లు చూశాను కానీ, చూడటం వేరు.

ముందు చక్రం పైకి లేవాలంటే వెనక బరువుండాలి. బండిని మెయిన్ స్టాండు మీద నిలబెట్టి, ట్రాలీలో తెచ్చిన బియ్యం బస్తా వెనక సీటు మీద తాడుతో కట్టాను. అత్తయ్య పైనుంచి కిటికీలో తల పెట్టి, "బియ్యం! అన్నం తినే బియ్యం!" అని అరిచింది. పక్కన సైకిల్ పెట్టుకుంటున్న ఎవరో కుర్రాడు తలెత్తి చూశాడు. నట్టు ఊడదీయడానికి స్పానర్ మీద కాలు పెట్టి తొక్కాల్సి వచ్చింది. చక్రం పట్టుకుని లిఫ్టు ఎక్కితే, మా అంతస్తులోనే ఉండే చైనీస్ ఆవిడ తన కూరగాయల సంచీని దగ్గరకి లాక్కుని, "వా, ఆంటీ, సెల్ఫ్ రిపేర్ ఆ?" అంది. అవునన్నాను. అంకుల్ ఆ ఉదయం బెంచీ మీద లేరు. దాన్ని కూడా ఆయన లెక్కలోనే వేశాను.

వంటింటి నేల మీద పాత గోనె పరిచి పని మొదలుపెట్టాను. వాల్వు విప్పి మిగిలిన గాలి వదిలి, టైరు అంచును లివర్లతో రిమ్ము మీదికి లేపాలి. ఒకచోట లేపితే ఇంకోచోట దిగిపోతుంది. మోకాలితో అదిమి పట్టి, కొంచెం కొంచెంగా లాగాక ట్యూబు బయటికి వచ్చింది. పంపుతో గాలి కొట్టి బకెట్టు నీళ్ళలో ముంచాను. సన్నటి బుడగలు ఒకే వరసలో పైకి వచ్చాయి. మెకానిక్ వేసిన రెండు ప్యాచ్‌లూ పక్కపక్కనే, బాగానే ఉన్నాయి. బుడగలు రెండోదాని అంచు పక్కనుంచి వస్తున్నాయి. పెన్నుతో గుర్తు పెట్టాను.

సూదితో పొడిచేవాడు మూడుసార్లూ ఒకే చోట ఎందుకు పొడుస్తాడు? ఈ ప్రశ్న నాకు ఆ క్షణంలో ఇష్టం లేకుండానే వచ్చింది.

గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, అది తడి ఆరే లోపల ట్యూబును టైరు పక్కన వాల్వు చూసుకుని ఆనించాను. బెజ్జం ఎదురుగా వచ్చే చోట టైరు లోపల గుడ్డతో తడిమాను. గుడ్డ చిక్కుకుంది. వేలితో చూస్తే ఏదో ముల్లులా తగిలింది. పటకారు కోసం మావారి పనిముట్ల పెట్టె తెరిచాను. అందులో సన్నటి ఇనప తీగ చుట్ట ఒకటి ఉంటుంది. అది బాగా తరిగిపోయి ఉంది. చివర కొత్తగా కోసినట్టు మెరుస్తోంది.

టైరును బయటివైపు తిప్పి, గాడిలో పేరుకున్న మట్టిని గోరుతో తీశాను. గాడిలో పడుకుని ఒక చిన్న తీగ వంకీ కనిపించింది. పటకారుతో లాగితే తీగముక్క బయటికి వచ్చింది. ఒక కొస లోపలికి దిగి ఉంది. రెండో కొస గుండ్రంగా మెలేసి ఉంది, గుచ్చినవి జారిపోకుండా మెలేసినట్టు. ఆ మెలికలో ఎండిపోయిన మిరపకాయ తొడిమ ఇరుక్కుని ఉంది.

అత్తయ్య గుమ్మంలో నిలబడి చూస్తోంది. నేను తీగను గోనె మీద పెట్టాను. ఆమె దాన్ని గుర్తుపట్టిందని ముఖం చెప్పింది.

"ఎప్పట్నించి?" అన్నాను.

"మానిందెప్పుడు?" అంది.

శనివారాల్లో నేను లైబ్రరీకి వెళ్ళినప్పుడు ఆమె లిఫ్టులో కిందికి దిగేది. నాకు కనపడకుండా దండను హెడ్‌లైటు వెనక, వైర్ల మధ్య కట్టేది. దారం వానకు తెగుతోందని తీగ వాడింది. పాత దండను మనవైపు అయితే నలుగురూ తొక్కేచోట పారేస్తారు. ఇక్కడ రోడ్డు మీద పారేస్తే పట్టుకుని జరిమానా వేస్తారని భయం. అందుకే దాన్ని ముందు చక్రం కింద పెట్టేది. ఆదివారం నేను బండి తోస్తాను కదా, చక్రమే తొక్కుతుందని.

"ఎవరూ ఎక్కని బండికి దిష్టి ఏమిటి అత్తయ్యా?"

ఆమె గుమ్మం పట్టుకుని మెల్లగా కింద కూర్చుంది. "వాడు పోయే ముందు శనివారం మోకాళ్ళు నొప్పని దిగలేదు నేను. వచ్చే వారం కడదాంలే అనుకున్నా."

సొల్యూషన్ ఆరింది. ప్యాచ్ పెట్టి బొటనవేలితో చాలాసేపు నొక్కి పట్టుకున్నాను. ఏదో ఒకటి పట్టుకోవాలి కదా. ఆమే మళ్ళీ మాట్లాడింది.

"ఆ ముసలాయనకి ఇస్తానని అన్నాడులే."

"ఎవరు?"

"వాడే. నా ముందే అన్నాడు, కింద. బండి వద్దనుకుంటే అంకుల్, మీకే, ఇంకెవరికీ ఇవ్వను అని. ఇద్దరూ నవ్వుకున్నారు కూడా."

"మరి నాతో చెప్పలేదేం?"

"చెబితే ఇచ్చేస్తావు."

నిజమే, ఇచ్చేసేదాన్ని. ఆమె మీద కోపం రావలసింది. వచ్చింది కూడా. కానీ ఆమె చూపు గోనె మీద ఉన్న తీగ నుంచి కదలడం లేదు. ట్యూబును టైరులోకి ఎక్కించడం మొదలుపెట్టాను.

సాయంత్రం చక్రం బిగించి, గాలి కొట్టి, బియ్యం పైకి తెచ్చేసరికి అంకుల్ బెంచీ మీదికి వచ్చారు. చేతిలో నిమ్మరసం సంచీ ఉంది. ఉదయం క్లినిక్‌కు వెళ్ళానని అడగకుండానే చెప్పారు. నేను తీగ సంగతి చెప్పాను. నా అనుమానం సంగతి చెప్పలేదు.

"తెలుసు మా," అన్నారాయన. "శనివారం శనివారం పెద్దమ్మ వస్తారు లా. నన్ను చూస్తే మళ్ళా లిఫ్టులోకి పోతారు. అందుకే నేను అటువైపు తిరిగి కూర్చుంటాను. కానీ తీగ అనుకోలేదు. దారం అనుకున్నాను."

"ఆయన మీకు బండి ఇస్తానన్న మాట మా అత్తయ్య కూడా విన్నారట. సంవత్సరీకం అయ్యాక తీసుకోండి."

ఆయన స్ట్రాను సంచీలో వదిలేసి, "ఆమె చెప్పినారా?" అని ఒకసారి, "ఆమేనా?" అని మరోసారి అడిగారు. తర్వాత లేచి బండి దగ్గరకి నడిచారు. నేను ఎంత బాగా బిగించానో చూడాలనుకున్నారేమో, వంగి ముందు టైరును బొటనవేలితో నొక్కారు.

"బాగుంది మా. గట్టిగా ఉంది."

నేను ఆయన వెనకే నిలబడి ఉన్నాను. అంతా తెలిశాక కూడా, ఆయన వేలు టైరు మీంచి వాల్వు వైపు జరుగుతుందేమోనని చూస్తున్నాను.