ఉల్టా తిరిగిన అంగారకుడు

అంగారక గ్రహానికి అక్షాంశాలూ రేఖాంశాలూ గీసింది నేనే. పటాన్‌చెరు ఫ్యాక్టరీలో పైపుల అంచులకు బోల్టు రంధ్రాలు గుర్తుపెట్టి రిటైరైన వాణ్ణి, ఒక్క పూటలో గ్రహం మొత్తం పంచిపెట్టాను.

కొంచెం సాగదీశాను. అంగారకుడి ఫొటో మీద గీతలు గీసింది కంప్యూటరు. ఆ ప్రోగ్రాం రాసింది మా కోడలు. కొండాపూర్ వైపు ఒక బడిలో సైన్సు చెబుతుంది. ఉత్తర ధ్రువం నడిమధ్యన ఉండేలా అంగారకుడి పటం గోడకు పెడదామని, గీతలూ అంకెలూ మా మామ చూసుకుంటాడని హెడ్మాస్టరుకు మాటిచ్చి వచ్చింది. తల్లిదండ్రులు వచ్చే రోజున పిల్లలు అందులో చోట్లు వెతికి చూపాలి. ఆమె మాట పోకూడదు. నా పంతమంతా అదే.

గీతకూ గీతకూ ఎంత ఎడం, అంకె ఎంత లావు, అంకెలు ఎటువైపు పెరగాలి, ఇవన్నీ ఆ ప్రోగ్రాంకు మనమే చెప్పాలి. మొదట రేఖాంశాల అంకెలన్నీ ధ్రువం దగ్గర చీమల్లా మూగాయి. వాటిని బయటి వలయం మీదికి తోశాను. వెనక బెంచీకి కనబడేలా లావు చేశాను. సంగారెడ్డిలో ప్రింటు తీయించి, ఇంట్లో గోడకు అంటించి మురిసిపోయాను.

కోడలు పుస్తకం తెచ్చి సరిచూసింది.

"మామా, పెద్ద అగ్నిపర్వతం రెండు వందల పదికి, రెండు వందల నలభైకి నడుమ ఉండాలె. గిదేంది, నూట ఇరవై దాటంగనే ఉంది?"

"ఫొటోనే ఉల్టా అచ్చయినట్టుంది."

"ఫొటో మంచిగనే ఉంది. జెర మీ అంకెలు సూడుండ్రి."

చూడనన్నాను. అన్నమూ వద్దన్నాను. చివరికి ఒక బత్తాయి తీసుకుని, తొడిమను ధ్రువమనుకుని, దాని చుట్టూ తూర్పుకు వేలు జరుపుతూ పైనుంచి చూశాను. వేలు గడియారం ముల్లుకు ఎదురు తిరిగింది. నేనేమో బోల్టు రంధ్రాలకు ఏళ్ల తరబడి వేసినట్టే, ముల్లు తిరిగే వైపు అంకెలు వేసిపెట్టాను. ప్రోగ్రాంలో ఒక్క గుర్తు మార్చి, మళ్లీ ప్రింటుకు పరుగెత్తాను.

తల్లిదండ్రులు వచ్చిన రోజున బడిలో ఒక పిల్ల అంకెలు చూసుకుంటూ వచ్చి సరిగ్గా అగ్నిపర్వతం మీద వేలు పెట్టింది. కోడలు ఊపిరి పీల్చుకుంది. పటం ఎవరు చేశారని ఆ పిల్ల తండ్రి అడిగాడు. నేను గొంతు సవరించుకున్నాను.

"నేనే. ఒక్క పూటల అయిపోయింది."

పక్కనే నిలబడ్డ నా భార్య అతని వైపు తిరిగింది.

"వారం పట్టింది. ముందుగాల ఉల్టా ఏసిండు. తప్పు పట్టింది మా కోడలు."