గంజి పెట్టిన చీర

ఇస్త్రీపెట్టె కింద తడి నూలుబట్ట నుంచి ఆవిరి లేచి ముక్కుకు తగిలితే నాకు అమెరికాలో, క్యారీ అనే ఊళ్ళో, లలిత గరాజ్ గుర్తుకొస్తుంది. గ్రీన్ కార్డు వచ్చాక, ఇంట్లో ఊరికే కూర్చోవడం ఇష్టంలేక, ఆ గరాజ్‌లో లలిత నడిపే బట్టల అచ్చుపనిలో చేరాను. లలిత నాకన్నా చాలా చిన్నది. నన్ను పిన్నిగారూ అనేది కానీ, పనిలో పిన్నిగారికి మినహాయింపేమీ ఉండేది కాదు. కాగితం మీది బొమ్మను వేడి ప్రెస్సుతో బట్టలోకి ఎక్కించే పని అది. ఆ రంగు వేడికి ఆవిరై పాలిస్టర్‌ను పట్టుకుంటుంది, నూలును పట్టుకోదు. అందుకే నూలుకు ముందుగా ఒక పూత చల్లాలి. ఆ పూతకన్నా ముందు బట్టను ఉతకాలి.

కొత్త బట్టను ఉతకడమేమిటి, నీళ్ళు దండగ, సబ్బు దండగ అన్నాను.

"మిల్లువాళ్ళు పెట్టిన గంజి ఉంటుందండీ. పూత దాని మీద కూర్చుంటే, గంజితోపాటు బొమ్మా పోతుంది."

"నూలు సంగతి నాకు చెబుతావా?"

"చెప్పను, చూపిస్తా."

ఉతకని ముక్క మీద ఒక చిలకను వేసి, నా చేతే ఉతికించింది. చిలక వెలిసిపోయింది. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. చూపిస్తే నమ్ముతాను. ఆనాటినుంచి ఉతికి, ఆరబెట్టి, ప్రెస్సు కింద మిగిలిన చెమ్మ లాగేసి, నూగు దులిపి, అప్పుడే పూత చల్లేదాన్ని.

ఒకరోజు స్నేహ అనే కాలేజీ పిల్ల ఒక నూలుచీర తెచ్చింది.

"ఆంటీ, అమ్మమ్మ శారీ. పల్లూ మీద తన ఫోటో ప్రింట్ చెయ్యాలి. అమ్మకి సర్‌ప్రైజ్."

లలిత మడత విప్పితే చీర పెటపెటలాడింది. "గంజి ఎవరు పెట్టారమ్మా?"

"అమ్మమ్మే. తను పోయాక మేము వాష్ చెయ్యలేదు. అమ్మ అప్పుడప్పుడు తీసి స్మెల్ చేస్తుంది."

"వేడినీళ్ళలో నానబెట్టి గంజి తీస్తేనే బొమ్మ నిలుస్తుంది. తీస్తే ఆ వాసన పోతుంది. మీ అమ్మని అడుగు."

"బట్ ఇట్స్ ఎ సర్‌ప్రైజ్, ఆంటీ!"

నాకు ఈ తర్జనభర్జన నచ్చలేదు. "వాసన ఎన్నాళ్ళుంటుంది? ఇలా తే, నానేస్తాను" అని చెయ్యి చాపాను. లలిత చీర మీద తన అరచెయ్యి పెట్టింది.

"ఆగండి పిన్నిగారూ. తీసేస్తే మళ్ళీ పెట్టలేం."

"గంజే కదమ్మా, నేను పెడతాను."

"మీ గంజి వాళ్ళకెందుకండీ?"

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. స్నేహ కాసేపు గోళ్ళు కొరుక్కుని, తల్లికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది. విషయమంతా చెప్పింది. అంతా విని ఆవిడ ఒకటే అడిగింది.

"నీళ్ళు తగిలాయా?"

"లేదండీ" అంది లలిత.

"అయితే తెచ్చెయ్, నాన్నా."

చీర వచ్చినట్టే వెళ్ళిపోయింది. ఫోటోను ఒక తెల్ల నూలుగుడ్డ మీద వేసి ఇచ్చాం. ఆ గుడ్డను ఉతికింది నేనే. మర్నాడు మామూలుగానే పనికి వెళ్ళాను.

కొన్నాళ్ళకు లలిత టెక్సాస్‌లోని ఫ్రిస్కోకు మారిపోయింది. నేను మాత్రం ఇప్పటికీ మా ఇంట్లో ఎవరి బట్టనూ అడగకుండా నీళ్ళలో వేయను. "ప్రతిసారీ అడుగుతావేంటి నానమ్మా, జస్ట్ వాష్ ఇట్" అని మా మనవరాలు విసుక్కుంటుంది. విసుక్కోనీ. అడగడానికి సబ్బు ఖర్చు కాదు.