ముక్కు పెంచిన టార్క్ రెంచి

డిగ్రీ ముగించాక, తొంభైలలో, హిందూపురం–ధర్మవరం మధ్య జీపు తోలేవాణ్ణి. ఇల్లు గడిచేది దానితోనే. ఒకసారి ఇంజన్ పైమూత కింద ఉండే హెడ్ గ్యాస్కెట్ పోతే పెనుకొండ మేస్త్రీ దగ్గర నిలిపాను. ఆయనకు టార్క్ రెంచి ఉండేది. పెట్టిన అంకె మేరకు బిగువు రాగానే టక్కుమనే పానా అది. ఆ మూతకు వెనక మూలనుండే బోల్టుకు అందడం లేదని ఆ మహానుభావుడు దాని ముక్కుకు జానెడు ఇనుప ముక్క వెల్డింగ్ చేసి పెట్టుకున్నాడు.

"ముందు పొడుగైతే బిగువు ఎక్కువ పడుతుందన్నా. అంకె తగ్గించి పెట్టు," అన్నాను.

"ఏమప్పా, బీయస్సీలో బోల్టులు గూడా చెప్తారా? టక్కంటాది, నిలిపేస్తా. అంతే."

టక్కుమంది. ఆయన నిలపలేదు. భద్రత కోసమని ఇంకో రెండుసార్లు లాగాడు. మూడోసారి వచ్చిన చప్పుడు టక్కు కాదు. బోల్టు తల పానాలో, మొండెం ఇంజన్‌లో మిగిలాయి.

"చూస్తివా, ఇప్పటి బోల్టుల్లో సత్తువే లేదు," అన్నాడు.

ఆ మొండెం తీసే మనిషి హిందూపురం నుంచి రావడానికి మూడు వారాలు పట్టింది. అన్నాళ్లూ నేను ఇంకొకరి జీపు వెనక వేలాడుతూ క్లీనరు పని చేశాను. మేస్త్రీకి మాత్రం ఆ రెంచి మీద నమ్మకం ఇసుమంతైనా సడలలేదు. అంత నిబ్బరం పరీక్షల్లో నాకుంటే ఫస్టు క్లాసు వచ్చేది.